పల్నాటి ఆర్‌పీజీ చేస్తున్న తమ్ముడికి: డబ్బు కథ మీద పెట్టాలా, గ్రాఫిక్స్ మీదా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్న మీరు నలుగురు కలిసి పల్నాటి యుద్ధం మీద ఒక ఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఆడేవాడు కథలో ఒక పాత్రగా మారి ఆడే గేమ్) చేద్దామనుకున్నారు. చేతిలో ఏడాది టైమ్, ఇళ్లలో ఇచ్చిన 2 లక్షల రూపాయలు ఉన్నాయి. మీలో ఇద్దరు "ఈ రోజుల్లో కథ ఎవడు చదువుతాడు, ట్రైలర్‌లో గ్రాఫిక్స్, ఫైట్లు అదిరిపోవాలి" అంటున్నారు. నువ్వూ ఇంకో అమ్మాయీ కథే ప్రాణం అంటున్నారు. ఎవరి మాట కరెక్టో చెప్పమన్నావు.

మీ నలుగురికీ, ఆ 2 లక్షలకీ సంబంధించినంత వరకు నా జవాబు కథే. అందులో నాకు సందేహం లేదు. అయితే కథ అని నువ్వు దేన్ని అంటున్నావో కొంచెం చూసుకోవాలి. 40 పేజీల కథ రాసుకున్నామనీ, ప్రతి యుద్ధానికి ముందు ఒక కట్‌సీన్ (ఆట ఆగి సినిమాలా నడిచే సీన్) వస్తుందనీ రాశావు. ఆ 40 పేజీలను అలాగే గేమ్‌లో పెడితే మీ ఫ్రెండ్స్ భయపడుతున్నదే జరుగుతుంది, జనం స్కిప్ కొడతారు.

నేను 2004 నుంచి 2010 దాకా గుంటూరు అరండల్‌పేటలో నెట్ సెంటర్ నడిపాను. 12 సిస్టమ్‌లు, గంటకు 20 రూపాయలు. ఆ తర్వాత హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోల్లో ముందు టెస్టర్‌గా, తర్వాత క్వెస్ట్‌లు, అంటే ఆడేవాడికి ఆటలో అప్పగించే పనులు రాసేవాడిగా పనిచేశాను. స్టూడియోల్లో నేర్చుకున్నదాని కంటే ఆ నెట్ సెంటర్లో, ఆడేవాళ్ల వెనక నిలబడి చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

సెంటర్‌కు వచ్చే పిల్లలు దాదాపు అందరూ కార్ల రేసులో, తుపాకుల గేములో ఆడేవాళ్లు. 2006లో మాత్రం నారాకోడూరు నుంచి బస్సులో ఒక కుర్రాడు వచ్చేవాడు. డిగ్రీ, తెలుగు మీడియం. మా అక్క అమెరికా నుంచి పంపిన గేముల్లో 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' అనే 4 సీడీల పెట్టె ఒకటి ఉండేది. 1999లో వచ్చిన గేమ్, అప్పటికే పాతబడింది. పైనుంచి చూస్తున్నట్టు చిన్న చిన్న బొమ్మలు, స్క్రీన్ నిండా ఇంగ్లిష్. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఈ అబ్బాయి కీబోర్డు పక్కన ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ పెట్టుకుని మరీ కూర్చునేవాడు. కొన్ని రోజులు గంటంతా ఒక్క సంభాషణతోనే అయిపోయేది.

ఆ గేమ్‌లో హీరో శవాల గదిలో ఒక బల్ల మీద కళ్లు తెరుస్తాడు. ఒళ్లంతా మచ్చలు, పచ్చబొట్లు. పేరు గుర్తులేదు. వాడికి చావు రాదు, చచ్చిన ప్రతిసారీ మళ్లీ లేస్తాడు. మర్చిపోయిన పాత బతుకుల్లో తాను ఎవరెవరికి ఏమేం చేశాడో ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ పోవడమే ఆట. చాలా కొట్లాటలు మాటలతోనే తప్పించుకోవచ్చు, చివరి ఘట్టంతో సహా. మొత్తం గేమ్ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మనిషి స్వభావాన్ని మార్చగలిగేది ఏది? ఇంగ్లిష్‌లో నేచర్ అని ఉంటే, ఆ కుర్రాడు "అన్నా, ఇక్కడ నేచర్ అంటే ప్రకృతా?" అని అడిగాడు. స్వభావం అని చెప్పాను. కాసేపు అట్లాగే కూర్చుని, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు గదా. మరి వీడు పుడకల దాకా పోనే పోడు, ఇంక వీడి బుద్ధి ఎట్లా పోద్దన్నా?" అన్నాడు. తర్వాతి కాలంలో ఆ గేమ్ మీద ఎన్నో వ్యాసాలు చదివాను. దాన్ని అంత సూటిగా పట్టుకున్న మాట మళ్లీ వినలేదు.

రెండు నెలలకు ఆ సిస్టమ్ హార్డ్ డిస్క్ పోయింది. దానితో పాటు ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్న అతని సేవ్ ఫైల్ కూడా. చెప్పడానికి నాకే నోరు రాలేదు. విని అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాడు. "ఈసారి వేరే దారిలో ఆడి చూస్తావా?" అంటే, "లేదన్నా, పోయినసారి ఒకామెకి మాటిచ్చా. ఇప్పుడు ఇవ్వకపోతే ఎట్లా?" అన్నాడు.

నేను కథ అనేది దాన్ని, తమ్ముడూ. రాసినవాళ్లు రాసిన వాక్యాలు ఆ పెట్టె కొన్న అందరికీ ఒకటే. ఇచ్చిన మాట మాత్రం ఆ కుర్రాడిది. ఫైలు పోయినా అతని దగ్గర నుంచి పోలేదు.

ఆర్‌పీజీ పుట్టిందే ఇట్లా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఒక బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిల్, పాచికలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. ఆడేవాడు "నేను తలుపు కొట్టను, వెనక కిటికీలోంచి దూరతాను" అంటే, నడిపేవాడు అప్పటికప్పుడు దానికి బదులు చెప్పాలి. ఈ ఆట కంప్యూటర్‌లోకి వచ్చేసరికి లెక్కలు తేలిగ్గా వచ్చేశాయి: ఎంత దెబ్బ తగిలింది, ఎంత ప్రాణం మిగిలింది, ఏ లెవెల్‌కు చేరాడు. బదులు చెప్పడమే కష్టమైంది. తొలినాటి కంప్యూటర్ ఆర్‌పీజీల నిండా కొట్లాటలే ఉండడానికి, బల్ల మీద ఆడే యుద్ధాల ఆటల నుంచి ఇది పుట్టడం ఒక కారణమైతే, మిషన్‌కు చేతనైన పని అదే కావడం ఇంకో కారణం. కొట్లాటలే ఆర్‌పీజీ అని మీ ఫ్రెండ్స్ అనుకోవడం వెనక ఉన్నది ఆ పాత అలవాటే.

నువ్వు ఎంచుకున్నది పల్నాటి కథ కాబట్టి ఒక మాట చెప్తాను. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథగా పల్నాటి యుద్ధం చెప్పేవారు. మా నాన్న చిన్నప్పుడు విన్నానని దాని గురించి చెప్పుకుంటూ మురిసిపోయేవాడు. ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు, అంతే. తెరలు లేవు, సీనరీలు లేవు. అయినా జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. అందులో వంతల పని గమనించు. వాళ్లు ఊరికే తందాన తాన అనరు. కథకుణ్ని ఆపుతారు, ప్రశ్నిస్తారు, ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతికి ముడిపెడతారు. కథకుడు వాళ్లకు బదులు చెప్తూ ముందుకు పోతాడు. ఆర్‌పీజీలో ఆడేవాడు వంత స్థానంలో ఉన్నవాడు. నువ్వు 40 పేజీలు ఏకబిగిన చెప్పుకుపోతే, అతన్ని వేదిక దింపి జనంలో కూర్చోబెట్టినట్టే. అప్పుడే బటన్ నొక్కి స్కిప్ చేస్తాడు.

అయితే సురభి నాటకాలూ మనవే. 1885లో మొదలై తరాలుగా ఆడుతున్న కుటుంబాలవి. రంగు తెరలు, స్టేజీ మీద మంటలు, మాయమయ్యే మనుషులు, గాల్లో తేలే నారదుడు. ఆ మాయలు చూడటానికే జనం వెళ్లేవాళ్లు, అందులో తక్కువతనం ఏమీ లేదు. కళ్లు చెదిరేలా చూపించడం కూడా గొప్ప విద్యే. కానీ ఆ విద్యకు పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా కుటుంబం మొత్తం కావాలి, తీగలు లాగేవాళ్లు, దీపాలు చూసేవాళ్లు కావాలి. ముగ్గురితో బుర్రకథ అవుతుంది. నలుగురితో సురభి అవ్వదు.

గేముల్లో కూడా ఇంతే. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో ప్రతి పాత్ర ముఖంలో సందేహం, అలక, భయం అన్నీ కనపడతాయి. నటుల కదలికలను రికార్డు చేసి బొమ్మలకు ఎక్కించే మోషన్ క్యాప్చర్‌తో తీశారు. దాని వెనక లారియన్ స్టూడియోలో 400 మందికి పైగా, దాదాపు ఆరేళ్ల పని ఉంది. అలాంటి ముఖాలు మీరు ఒక్క ఏడాదిలో చేయబోతే పది నెలలు ముఖాలకే పోతాయి. ఈ బాధ నేను పడ్డాను. ఒక స్టూడియోలో మేం ఒక ఆర్‌పీజీకి ఎనిమిది నెలలు పెట్టి ఒక్క డ్రాగన్‌ను తయారుచేశాం. పొలుసులు, మంట, రెక్కల మీద వెలుతురు, అన్నీ అద్భుతంగా వచ్చాయి. డైలాగులు చివరి నెలలో రాయించారు, వాటిలో చాలా భాగం నేనే రాశాను. టెస్టింగ్‌కు వచ్చినవాళ్లు డ్రాగన్‌ను చూసి నోరెళ్లబెట్టారు, చంపారు, ఇంటికి వెళ్లారు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే, ఆ డ్రాగన్ ఏ ఊరిని తగలబెట్టిందో ఒక్కరికీ గుర్తులేదు. ఊరు పేరు నేను పెట్టిందే. ఆ ఊళ్లో ఆడేవాడికి తెలిసిన మనిషి ఒక్కడూ లేడు మరి, ఎట్లా గుర్తుంటుంది?

'ఫైనల్ ఫాంటసీ 7' 1997లో వచ్చినప్పుడు పాత్రల చేతులు అగ్గిపెట్టెల్లా ఉండేవి. కథ మధ్యలో మన టీమ్‌లో ఉన్న పువ్వులమ్మే అమ్మాయి చనిపోతుంది. ఇప్పటికీ పెద్దవాళ్లు ఆ సన్నివేశం గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. కారణం ఆ వీడియో ఒక్కటే కాదు. అప్పటిదాకా ఆమెకు ఆయుధం కొన్నది నువ్వు, లెవెల్ పెంచింది నువ్వు, దెబ్బలు తగిలినప్పుడు మిగతావాళ్లను ఆమె చేతే బాగుచేయించింది నువ్వు. ఆ తర్వాత మెనూ తెరిస్తే టీమ్‌లో ఆమె పేరు ఉండదు. ఆ ఖాళీని చూపించడానికి ఏ గ్రాఫిక్స్ కార్డూ అక్కర్లేదు.

2015లో టోబీ ఫాక్స్ దాదాపు ఒంటిచేత్తో చేసిన 'అండర్‌టేల్' ఇంకా సాదా. ఇరవై ఏళ్ల కిందటి గేమ్‌లా కనపడుతుంది. అందులో ఎదురైన ప్రతి రాక్షసుణ్నీ చంపకుండా వదిలేయొచ్చు. మొదట్లో నిన్ను తల్లిలా చూసుకునే పాత్రను చంపేసి, బాధపడి, పాత సేవ్ తెరిచి ఈసారి చంపకుండా వచ్చావనుకో, నువ్వు ఏం చేశావో తనకు తెలుసని ఒక పాత్ర నీ ముఖం మీదే అంటుంది. మొదటిసారి ఆ మాట చదివినప్పుడు నా చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. మీ గేమ్ బడ్జెట్‌లో చేయగలిగిన పని ఇది.

ఇక మీ ఫ్రెండ్స్ వైపు నుంచి కూడా చూడాలి, వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' చూడు. కథను ఎక్కడా కూర్చోబెట్టి చెప్పదు. కత్తులు, తాయత్తుల కింద రాసిన రెండు మూడు వాక్యాల్లో ముక్కలు ముక్కలుగా దాచింది. అక్కడ భయం, అలసట, ఎన్నోసార్లు ఓడి గెలిచిన తెగింపు అన్నీ కొట్లాటలోనే ఉన్నాయి. ఫైట్ కూడా కథ చెప్పగలదు, అయితే అది ఎవరి కోసమో తెలియాలి. దీనికి 2015 నాటి 'విచర్ 3'లో బారన్ క్వెస్ట్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ బారన్ తాగుబోతు, భార్యను కొట్టేవాడు. భార్య, కూతురు ఇల్లు వదిలిపోయారు, వెతికిపెట్టమని అడుగుతాడు. గర్భం పోయి పుట్టిన బిడ్డను పేరు పెట్టకుండా పాతిపెట్టడంతో అది దయ్యమై లేస్తుంది. దాన్ని కత్తితో చంపేయొచ్చు, అది మామూలు ఫైట్. లేదా ఆ తండ్రి చేతుల్లోనే బిడ్డను పెట్టి, ఇంటిదాకా నడిపించి, పేరు పెట్టించి, గుమ్మం దగ్గర పూడ్పించి శాంతింపజేయొచ్చు. దారిలో ప్రేతాలు మీద పడతాయి, వాటితో పోరాడాలి, చేతుల్లోని బిడ్డ ఉగ్రరూపం దాల్చకుండా మధ్యమధ్యలో జోకొట్టాలి. నువ్వు తిప్పుతున్నది మునుపటి కత్తే, నొక్కుతున్నది అవే బటన్లు. అయినా ఆ పది నిమిషాలు చేతులు వణుకుతాయి. బారన్ గొంతు, ముఖం అంత బాగా చేయకపోతే అది సగం కూడా పండేది కాదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. అక్కడ గ్రాఫిక్స్, ఫైటు, కథ ఒకే మనిషి కోసం పనిచేశాయి.

ఇంకో హెచ్చరిక. గేమ్ ఆగిపోతే కథ కూడా ఆగిపోతుంది. 'సైబర్‌పంక్ 2077' 2020 డిసెంబర్‌లో వచ్చినప్పుడు పాత కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్ల) మీద ఎంత ఘోరంగా నడిచిందంటే, దాదాపు వారం రోజులకే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. పాత్రలు, క్వెస్ట్‌లు ఎంత బాగున్నా అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి చిన్నగా చేయండి, ఆగకుండా నడిచేలా చేయండి.

ఇప్పుడు మీ గేమ్ సంగతి. పల్నాటి యుద్ధం మొత్తం చేయకండి. బ్రహ్మనాయుడుగానో, బాలచంద్రుడిగానో ఆడించకండి. వాళ్లు ఏం చేశారో పల్నాడులో పశువులు కాసే పిల్లాడికి కూడా తెలుసు, అందులో ఆడేవాడు నిర్ణయించడానికి ఏముంటుంది? కోడిపందెంలో ఓడి, బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు వలస పోవాలి. ఆ బయల్దేరే రాత్రితో మొదలుపెట్టండి. ఆడేవాడు ఒక మామూలు బండివాడు. బండి ఒకటే. ఆరుగురికి మించి ఎక్కలేరు, ధాన్యం బస్తా ఎక్కిస్తే ఇద్దరు దిగాలి. వాడలో వీడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు పదకొండు మంది. నడవలేని తల్లి, నెలలు నిండిన చెల్లెలు, అప్పిచ్చిన ఆసామి, కులం చూడకుండా అందరూ కలిసి తినే చాపకూడులో వీడి పక్కన కూర్చుని తిన్న నేస్తం, ఎదుటి పక్షం నాగమ్మ మనిషేమోనని అనుమానం ఉన్న కొత్తవాడు. అన్ని ఆర్‌పీజీల్లో ఉండే ఇన్వెంటరీయే (వెంట తీసుకెళ్లే సామాన్లు పెట్టుకునే గళ్లే) ఇది, గళ్లలో కత్తుల బదులు మనుషులున్నారు. ఓటమి మారదు, వలస మారదు. బుర్రకథ వినేవాళ్లకు కూడా ముగింపు ముందే తెలుసు. ఎవరు బండెక్కారు, ఎవరు గుమ్మంలో నిలబడిపోయారు అన్నది మాత్రం ఆడేవాడిదే.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. రెండేసి దారులున్న నిర్ణయాలు పది పెట్టి, ప్రతిదానికీ వేరే కథ రాయబోతే 1,024 దారులవుతాయి, మీ వల్ల కాదు. విడిపోయిన దారిని కాసేపటికి మళ్లీ కలిపేయండి. కానీ నిర్ణయాన్ని గుర్తుపెట్టుకోండి. నా లెక్కలో ఒక్కో నిర్ణయం మూడుసార్లు ఎదురుపడాలి: వెంటనే ఒకసారి, గంట తర్వాత అనుకోని చోట ఒకసారి, చివర్లో ఒకసారి. తల్లిని వదిలి వచ్చినవాడికి, వలసలో మూడో ఏట అడవిలో ఎవరో "మీ అమ్మ ఎట్లా ఉంది?" అని మామూలుగా అడిగితే చాలు. ఆ ఒక్క లైను ఒక కట్‌సీన్ పని చేస్తుంది.

బొమ్మల విషయంలో నా సలహా, కొండపల్లి వైపు చూడండి. విజయవాడ పక్కనే ఉంది, వెళ్లి పొణికి కర్ర చెక్కేవాళ్ల దగ్గర ఒక రోజు కూర్చోండి. పెద్ద కళ్లు, గుండ్రటి ముఖాలు, చదునైన రంగులు. మీ పాత్రలు కొండపల్లి బొమ్మల్లా ఉంటే కనుబొమ్మలు కదిలించాల్సిన పని లేదు, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది, ట్రైలర్‌లో ఇంకే గేమ్‌తోనూ పోలిక రాదు. మీ ఫ్రెండ్స్‌కు కావలసింది కూడా అదే కదా, చూడగానే ఆగిపోవడం. పిల్లలు ఆడుకునే బొమ్మలాంటి మనిషి గుమ్మంలో నిలబడి బండి వైపు చూస్తుంటే, నిజం మనిషిలా చేసిన ముఖం కంటే ఎక్కువ బాధ పెడుతుందని నా నమ్మకం.

డబ్బులో పెద్ద భాగం గొంతులకు పెట్టండి. గుంటూరు, తెనాలి వైపు పద్యనాటకాలు ఆడే కళాకారులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు ఒక్క వాక్యంతో మీ బొమ్మకు ప్రాణం పోస్తారు. వాళ్లకు ఇవ్వాల్సింది సరిగ్గా ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి. కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఒక్కో రోజుకు ఒక్కో ఘట్టం. నలుగురూ వెళ్లండి, ఆ ఐదు రోజులూ ఉండండి. అక్కడి మనుషులు ఆ వీరుల గురించి నిన్నమొన్న పోయిన బంధువుల గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. మీ డైలాగుల భాష అక్కడ దొరుకుతుంది.

టెక్నికల్‌గా ఒక్క విషయం, ఇది ముందే తెలియక నేను చాలా నష్టపోయాను. తెలుగు ఒత్తులు, గుణింతాలు అన్ని ఇంజిన్లలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో) సరిగ్గా రావు, అక్షరాలు విడిపోయి కనపడతాయి. 2023లో వచ్చిన గోడో 4 నుంచి ఆ ఇంజిన్‌లో తెలుగు చక్కగా కుదురుతుంది, పైగా అది ఉచితం. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు కూడా ఉచితంగానే వాడుకోవచ్చు. ఏ ఇంజిన్ తీసుకున్నా మొదటి రోజే 'స్త్రీ', 'క్ష్మి', 'ర్ద్ర' టైప్ చేసి చూసుకోండి. అమ్మేటప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో గేమ్‌కు 100 డాలర్ల ఫీజు ఉంటుంది, దాన్ని ఇప్పుడే పక్కన పెట్టండి.

కానీ ఇంజిన్ తెరవడానికి ముందు ఒక నెల ట్వైన్ అనే ఉచిత టూల్‌లో ఆ బండి రాత్రిని ఉత్త మాటలతో కట్టండి. అది బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి తెలుగుకు ఇబ్బంది లేదు. గేములంటే తెలియని మీ అమ్మగారి చేత ఆడించు. పక్కన నిలబడి ఏమీ చెప్పకు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర ఏం గుర్తుందని అడుగు. ఆమె ఒక మనిషి పేరు చెబితే గ్రాఫిక్స్ మొదలుపెట్టండి. చెప్పలేకపోతే ఇంకోసారి రాయండి.

రాసిన లింకు నాకు కూడా పంపు. ఆడి, నేను ఎవరిని బండెక్కించుకోలేకపోయానో చెప్తాను.